వారానికి 8 గంటలు: ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టిన లాన్ పని, డైరీ

మొదలుపెట్టకముందు

మా ఇంటి ముందున్న లాన్‌ని నాలుగేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. వారమంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం నాది. శనివారం పొద్దున గడ్డి కోసే మోవర్ వెనక నడిచే ఆ కాసేపటి కోసం ఎదురుచూడటం అలవాటైపోయింది. ఇరుగుపొరుగు వాళ్లు ఇద్దరు "మాది కూడా కోసిపెడతావా, డబ్బులిస్తాం" అని అడిగాక, ఇది చిన్న వ్యాపారం అవుతుందేమో చూద్దామనిపించింది. ఉద్యోగం మానే ఆలోచన లేదు. జీతం ఇంటికి కావాలి, ఆ పనీ నాకు ఇష్టమే.

ముందు నోట్‌బుక్ తీసి గంటలు లెక్కపెట్టాను. మంగళ, గురువారాల్లో ఆఫీసు నుంచి వచ్చాక వెలుతురు ఉండేది గంటన్నర చొప్పున, అంటే మూడు గంటలు. శనివారం పొద్దున ఐదు. మొత్తం ఎనిమిది. ఆదివారం ముట్టుకోను, అది ఇంట్లో వాళ్లది. మొదటి పేజీలో 8 అని పెద్దగా రాసి చుట్టూ గీత గీశాను.

తర్వాత నియామక పత్రం మళ్లీ చదివాను. బయట వేరే పని చేస్తే ముందుగా రాతపూర్వకంగా తెలపాలని అందులో ఉంది. మేనేజరుకి మెయిల్ పెట్టాను: పని వేళల్లో చేయను, ఆఫీసు ఫోనూ లాప్‌టాపూ వాడను, సంస్థ ఖాతాదారులతో దీనికి సంబంధం ఉండదు. నాలుగో రోజున సరేనని జవాబు వచ్చింది. దాన్ని ప్రింటు తీసి పుస్తకంలో అంటించాను. మెషిన్ మీద డబ్బు పెట్టకముందే ఈ పని పూర్తిచేసుకున్నందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

రిజిస్ట్రేషన్, పన్ను సంగతులు ఎక్కడికక్కడ వేరు. ఉన్నచోట కార్యాలయానికి వెళ్లి అడిగి కాగితాలు నింపాను. విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచాను. అదంతా రెండు మధ్యాహ్నాల పని.

1వ వారం: బావ ఇచ్చిన మోవర్

బావ షెడ్డులో రెండేళ్లుగా పడున్న 46 సెంటీమీటర్ల బ్లేడున్న పెట్రోల్ మోవర్ ఉంది. "నడిస్తే నీదే, తీసుకెళ్లు" అన్నాడు. తాడు ముప్పైసార్లు లాగినా ఇంజిన్ పలకలేదు.

స్పార్క్ ప్లగ్ తీసి చూస్తే నిప్పురవ్వ బాగానే వస్తోంది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముపట్టింది గానీ మరీ మూసుకుపోలేదు. ఇక మిగిలింది గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్. దాని కింది గిన్నె విప్పితే అడుగున బంకలా ఎండిన పెట్రోలు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తుంది, అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. నెల దాటి కదలకుండా ఉంటే పెట్రోలు చెడిపోయి, వెంట్రుకంత సన్నగా ఉండే జెట్ రంధ్రాన్ని పూడ్చేస్తుంది. క్లీనర్ చల్లి, సన్నని తీగతో మెల్లగా శుభ్రం చేసి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాను. మూడో లాగుకి స్టార్టయింది. మా తమ్ముడు పక్కనే ఉన్నాడు, ఇద్దరం ఒకేసారి అరిచాం.

పాత ఇంజిన్ ఆయిల్ నల్లగా, పలచగా ఉంది. మార్చాను. మోవర్‌ని పక్కకి వంచేటప్పుడు కార్బురేటర్, ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండాలి. లేదంటే ఆయిల్ వెళ్లి ఫిల్టర్లో చేరుతుంది.

మోవర్ అందుకోలేని అంచుల్లో గడ్డి తీయడానికి బ్రష్ కట్టర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మోవర్ ఫోర్ స్ట్రోక్, దానికి పెట్రోలు మాత్రమే పోస్తాం. కట్టర్ టూ స్ట్రోక్, దానికి లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి, అంటే 50కి 1. ఆయిల్ కలపని పెట్రోలు టూ స్ట్రోక్‌లో పోస్తే పిస్టన్ పట్టేసి ఇంజిన్ పోతుంది. అందుకే రెండు క్యాన్లకి రెండు రంగుల టేపు చుట్టాను. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన సాయంత్రం జ్ఞాపకం మీద ఆధారపడటం నాకిష్టం లేదు.

2వ వారం: బ్లేడు

ఈ వారం ఒక్క లాన్ కూడా కోయలేదు. బ్లేడుతోనే గడిచింది, నాకు ఎక్కువ నేర్పిన వారమూ ఇదే.

గడ్డి కోసే యంత్రాన్ని ఇంగ్లండులోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ కనిపెట్టి 1830లో పేటెంటు తీసుకున్నాడు. బట్టల మిల్లులో ఉన్ని గుడ్డ మీది నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఆ తరహా రీల్ మోవర్ కత్తెరలా పనిచేస్తుంది, గడ్డి పోచ రెండు అంచుల మధ్య తెగుతుంది. నా దగ్గరున్న రోటరీ అలా కాదు. నిలబడి ఉన్న పోచను ఒకే ఒక బ్లేడు వేగంగా వచ్చి కొడుతుంది. లెక్క వేశాను: 46 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 3,000 సార్లు తిరిగితే దాని కొన వేగం గంటకు సుమారు 260 కిలోమీటర్లు. పదును లేకపోయినా ఆ వేగానికి గడ్డి తెగుతుంది, కానీ చీలి తెగుతుంది. రెండు రోజులకు లాన్ మీద చూస్తే పచ్చదనం మీద బూడిదరంగు తెర కప్పినట్టుంటుంది. దగ్గరికి వెళ్లి ఒక పోచ తుంచి చూస్తే కొన పీచులు పీచులుగా ఎండిపోయి ఉంటుంది. మా లాన్ అలా ఉండటానికి నీళ్లు చాలకపోవడమే కారణమని ఇన్నాళ్లూ అనుకున్నాను. పోచ తుంచి చూశాక గానీ తెలియలేదు.

పదును పెట్టే ముందు స్పార్క్ ప్లగ్ తీగ పీకి దూరంగా కట్టాను. చేత్తో బ్లేడు తిప్పినా ఇంజిన్ ఒక్కసారి కొట్టుకునే అవకాశం ఉంది, వేళ్లు పోయాక చేసేదేం ఉండదు. బ్లేడు విప్పి వైస్‌లో బిగించి, ముందు నుంచి ఉన్న వాలులోనే ఆకురాయితో రెండు కొనల్నీ సమానంగా రాకాను. ఒక కొనకి ఇరవై రాకుళ్లు వేస్తే రెండో కొనకీ అన్నే. క్షవరం కత్తిలా చేయకూడదు, మరీ పలచనైన అంచు మొదటి రాయికే మడుచుకుపోతుంది. తర్వాత గోడకి మేకు కొట్టి, బ్లేడు నడిమి రంధ్రాన్ని మేకుకి తగిలించాను. ఏ వైపు కిందికి వంగితే ఆ వైపు బరువెక్కువ. ఆ వైపు వెనక అంచున కొద్దిగా రాకి మళ్లీ తగిలించాను. నాలుగోసారికి అడ్డంగా నిలిచింది. తూకం తప్పిన బ్లేడు ఇంజిన్ ఇరుసునే తినేస్తుంది.

20 నుంచి 25 గంటల కోతకోసారి పదును పెట్టాలని పుస్తకంలో రాసుకున్నాను.

3వ వారం: మొదటి లాన్

మా వీధి చివర్నుంచి అవతల కాలనీలో ఒక పెద్దాయన లాన్. రిటైరయ్యారు, మోకాళ్ల నొప్పి. "బాబూ, చూసుకునేవాడు లేక ఇలా అయిపోయింది, ఒకప్పుడు ఇది తివాచీలా ఉండేది" అన్నారు. 280 చదరపు మీటర్లు.

ముందురోజు కాగితం మీద లెక్క ఇది: పక్క పక్క వరుసలు కాస్త కలిసేలా కోస్తే 40 సెంటీమీటర్ల వెడల్పు, గంటకు 4 కిలోమీటర్ల నడక, అంటే గంటకు 1,600 చదరపు మీటర్లు. 280కి పది నిమిషాల పైచిలుకు. అన్నీ కలిపి అరగంట అనుకుని ధర చెప్పేశాను.

నిజంగా పట్టిన సమయాన్ని ఫోన్లో గడియారం పెట్టుకుని రాశాను. కోత 24 నిమిషాలు. అంచులు 17. ఊడ్చి దారి శుభ్రం చేయడం 11. సామాను ఎక్కించడం, దించడం 14. రానూపోనూ దారి 26. ఆయనతో మాట్లాడినది 8. మొత్తం వంద నిమిషాలు. కోసింది అందులో నాలుగో వంతు కూడా కాదు.

ఆ రాత్రి ఆ పేజీని చాలాసేపు చూశాను. నేను అమ్ముతున్నది చదరపు మీటర్లు అనుకున్నాను, ఖర్చవుతున్నవి నిమిషాలు. మరుసటి రోజు ధర కట్టే పద్ధతి మార్చాను: ఇంటి నుంచి బయల్దేరి తిరిగొచ్చేదాకా పట్టే సమయానికి నా గంట విలువ, ఆపైన పెట్రోలు, మెషిన్ అరుగుదల. పెద్దాయనకు మాత్రం చెప్పిన ధరకే ఆ నెలంతా చేశాను. మాట ఇచ్చాక మార్చడం నాకు నచ్చదు.

4వ వారం: నేను పాడుచేసిన లాన్

ఇది రాయడం కష్టంగా ఉంది.

రెండు నెలలుగా కోయని లాన్ ఒకటి వచ్చింది. గడ్డి 15 సెంటీమీటర్లు దాటింది. ఇంటావిడ "పొట్టిగా కోసేయ్ బాబూ, మళ్లీ తొందరగా పెరగకుండా" అన్నారు. శనివారం మూడో ఇల్లు అది, అప్పటికే పదకొండున్నర. ఒకే దెబ్బకి 4 సెంటీమీటర్లకు దించేశాను. కోశాక చూస్తే లాన్ లేదు, గోధుమరంగు కాడలే ఉన్నాయి. పొడవుగా పెరిగిన గడ్డికి ఆకులన్నీ పైన ఉంటాయి, నీడపడిన కింది భాగం ఉత్త కాడ. ఆ ఆకుల్ని ఒక్కసారిగా తీసేస్తే మొక్కకు ఆహారం తయారుచేసుకునే దారి పోతుంది, వేళ్లు పెరగడం ఆగిపోతుంది, ఖాళీ నేలకు ఎండ తగిలి కలుపు లేస్తుంది.

మూడో వంతు నియమం నాకు తెలుసు. ఒక కోతలో మూడో వంతుకు మించి తీయకూడదు. 4 సెంటీమీటర్లు ఉంచాలనుకుంటే 6కి వచ్చేసరికి కోయాలి. తెలిసీ గడియారం చూసి తప్పు చేశాను. ఆవిడ అడిగారు కదా అని చెప్పుకోవడానికి లేదు, గడ్డి సంగతి తెలిసినవాడు నేను, వద్దని చెప్పాల్సింది నేను.

ఆ కోతకు డబ్బు తీసుకోలేదు. ఏం జరిగిందో విడమరిచి చెప్పి, ఐదు వారాలు ఉచితంగా చూసుకుంటానన్నాను. నీళ్లు ఎలా పెట్టాలో చెప్పాను. నా ఓర్పు కన్నా ఆవిడ ఓర్పే పెద్దది. తొమ్మిదో వారానికి లాన్ కోలుకుంది, ఒక మూల తప్ప. ఆ మూలలో తుంగ లేచింది. తుంగను ఎంత కోసినా భూమిలో గడ్డలుంటాయి, మళ్లీ వస్తుంది. గడ్డతో సహా తవ్వి తీస్తున్నాను, ఇంకా అవుతూనే ఉంది.

ఇప్పుడు పొడవెక్కిన లాన్ వస్తే మెషిన్ కోత ఎత్తుని పై మెట్టులో పెట్టి ఒకసారి కోస్తాను, నాలుగైదు రోజులు ఆగి ఒక మెట్టు దించుతాను, మళ్లీ ఆగి ఇంకోటి. మొదటి రోజే మూడుసార్లు వచ్చి కోసే ధర చెబుతాను. ఇష్టం లేకపోతే ఆ పని ఒప్పుకోను.

6వ వారం: ఐదు ఇళ్లు, ఎనిమిది గంటలు చాలడం లేదు

ఒకరి నుంచి ఒకరు విని అడుగుతున్నారు. ఐదు ఇళ్లయ్యాయి, ఐదూ ఐదు దిక్కుల్లో. ఈ వారం లెక్క 515 నిమిషాలు, అంటే ఎనిమిది గంటలు దాటి 35 నిమిషాలు. అందులో దారికీ సామాను ఎత్తి దించడానికీ పోయినవి 212. గురువారం చివరి ఇంటికి చీకటి పడింది. కనిపించని నేల మీద మోవర్ నడపడం ప్రమాదమని సగంలో ఆపి వచ్చేశాను.

మోత గురించి కూడా రాయాలి. నా మోవర్ పక్కన ఫోన్‌తో కొలిస్తే 90 డెసిబెల్స్ చుట్టూ చూపిస్తోంది. 85 దగ్గర రోజుకు 8 గంటలు, ఆపైన 3 పెరిగినప్పుడల్లా సమయం సగానికి తగ్గాలని అమెరికా కార్మిక భద్రతా పరిశోధన సంస్థ నయోష్ చెబుతుంది. ఆ లెక్కన 91 దగ్గర రెండు గంటలే. శనివారం నేను అంతకన్నా ఎక్కువే నడుపుతున్నాను. ఇయర్ మఫ్స్ లేకుండా ఇక తాడు లాగను. కళ్లద్దాలూ, గట్టి బూట్లూ మొదటి నుంచీ ఉన్నాయి.

7వ వారం: వేపమొక్క

నా మాట మీద తమ్ముడు బ్రష్ కట్టర్ పట్టాడు. ఒకింట్లో రెండేళ్ల వేపమొక్క మొదలు చుట్టూ గడ్డి తీస్తుంటే కట్టర్ కొనన తిరిగే నైలాన్ తీగ బెరడుకి తగిలింది. వేలి వెడల్పు చర్మం లేచింది. "అన్నా, చిన్నదేలే" అన్నాడు. చిన్నది కాదు. ఆకులు చేసిన ఆహారాన్ని వేళ్లకు దించే పొర బెరడుకి ఆనుకునే ఉంటుంది. చుట్టూతా తెగితే మొక్క నిలబడే చనిపోతుంది. అదృష్టం కొద్దీ ఒక పక్కే తగిలింది. యజమానిని పిలిచి చూపించాను. అప్పటి నుంచి ప్రతి ఇంట్లో చెట్టు మొదలు చుట్టూ అరమీటరు గుండ్రంగా గడ్డి తీసేసి ఎండుటాకు పరుస్తున్నాం, ఆకు కాండానికి ఆనకుండా. అక్కడ కట్టర్ అవసరమే ఉండదు, ఇంటికి మూడు నాలుగు నిమిషాలు మిగులుతున్నాయి కూడా.

అదే వారం బాధ్యత బీమా, అంటే నా పని వల్ల ఎవరికైనా నష్టం జరిగితే ఆదుకునేది, తీసుకున్నాను. 260 కిలోమీటర్ల వేగంతో తిరిగే కొన గులకరాయిని ఎక్కడికి విసురుతుందో చెప్పలేం. కోతకు ముందు లాన్ అంతా ఒకసారి నడిచి రాళ్లు, తీగ ముక్కలు, పిల్లల బొమ్మలు ఏరడం ఇప్పుడు పని సమయంలో భాగం.

9వ వారం: వాన, ఆఫీసులో గడువు

నాలుగు రోజులు వాన. తడి గడ్డి కోస్తే ముద్దలు ముద్దలుగా పడి కింది గడ్డిని ఊపిరాడకుండా చేస్తుంది, చక్రాలు మెత్తటి నేలలో గాడి తీస్తాయి, తెగులు ఒక లాన్ నుంచి ఇంకో లాన్‌కి బ్లేడుతో పాటే వెళ్తుంది. కాబట్టి మంగళ, గురువారాలు పోయాయి. సరిగ్గా అప్పుడే ఆఫీసులో గడువు. శనివారం కూడా లాప్‌టాప్ ముందే కూర్చోవాల్సి వచ్చింది. అందరికీ శుక్రవారం రాత్రే ఫోన్ చేసి చెప్పాను. నలుగురు సరే అన్నారు. ఒకరు వేరే వాళ్లతో చేయించుకున్నారు, అందులో తప్పేం లేదు.

సోమవారం ఆఫీసులో కళ్లు మూతలు పడ్డాయి. మీటింగులో అడిగిన ప్రశ్న రెండోసారి అడిగించుకున్నాను. మా ఆవిడ ఆ రాత్రి పుస్తకం తీసి మొదటి పేజీ నా ముందు పెట్టింది. గీత మధ్యలో 8. ఏమీ అనలేదు.

దూరంగా ఉన్న రెండు ఇళ్లు వదులుకోవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. వాటిలో ఒకటి అందరికన్నా ఎక్కువ ఇచ్చే ఇల్లు. ఆ వైపే పూర్తికాలం ఈ పని చేసే ఒకాయన ఉన్నారు, ఆయన్ని పరిచయం చేసి, రెండు లాన్ల ఎత్తు, నీళ్లు, కలుపు వివరాలన్నీ రాసిచ్చాను. ఇంకో నియమం: 8లో 7 గంటలకే పని ఒప్పుకుంటాను. ఆ ఒక గంట వానకి.

11వ వారం: పక్కింటి తలుపు

పెద్దాయన లాన్ అయ్యాక చెమట తుడుచుకుని పక్కింటి తలుపు తట్టాను. "పక్కన కోసేది నేనే, మీది కూడా కోయమంటారా? మెషిన్ మళ్లీ ఎక్కించే పని లేదు కాబట్టి మీకు ధర తగ్గుతుంది." వాళ్లు మా పని గోడ మీంచి నెల రోజులుగా చూస్తూనే ఉన్నారట. మూడు వారాల్లో ఆ వీధిలోనే మూడు ఇళ్లయ్యాయి. ప్రకటన కాగితాలు పంచి ఉంటే ఐదు దిక్కుల నుంచి పిలిచేవారు, నాకు కావాల్సింది ఒకే దిక్కు.

13వ వారం లెక్క: ఆరు ఇళ్లు, 430 నిమిషాలు, దారికీ ఎత్తడానికీ పోయినవి 88. ఒక ఇల్లు పెరిగింది, గంటా 25 నిమిషాలు తగ్గింది. ఏడు గంటల హద్దుకి పది నిమిషాలు ఎక్కువే, కానీ ఇంత దగ్గరికి వస్తామని అనుకోలేదు.

బ్రష్ కట్టర్, బీమా, మఫ్స్, విడి భాగాలు అన్నీ కలిపి పెట్టిన డబ్బు 38 కోతలతో తిరిగొచ్చింది. వచ్చే ప్రతి మొత్తంలో మూడో వంతు పన్నుకీ, కొత్త మోవర్‌కీ పక్కన పెడుతున్నాను. బావ ఇచ్చిన మెషిన్ ఎల్లకాలం నడవదు.

15వ వారం: పెద్దాయన తివాచీ

పెద్దాయన లాన్ మధ్యలో ఒక పాలిపోయిన పట్టీ ఉంది. ఎరువు వేయమన్నారు. ముందు నీళ్లు చూద్దామన్నాను. నిలువు గోడలున్న ఖాళీ డబ్బాలు ఆరు లాన్ మీద అక్కడక్కడా పెట్టి, స్ప్రింక్లర్ 20 నిమిషాలు నడిపి స్కేలుతో కొలిచాం. అంచుల్లో 9 మిల్లీమీటర్లు, ఆ పట్టీలో 3. వానతో కలిపి వారానికి 25 మిల్లీమీటర్లు ఉంటే చాలావరకు సరిపోతుంది. ఆ పట్టీకి అందులో సగం కూడా అందడం లేదు. స్ప్రింక్లర్‌ని రెండు మీటర్లు జరిపాం. పెద్దాయన మోకాళ్లు పట్టుకుని కూర్చుని ప్రతి డబ్బా ఆయనే కొలిచి నాకు చెప్పారు.

ఎరువు లెక్క కూడా చేశాం. 100 చదరపు మీటర్లకు ఒక విడతలో నత్రజని అరకిలోకి మించకూడదు. సంచి మీద మొదటి అంకె 20 అంటే నూటికి 20 పాళ్లు నత్రజని, కాబట్టి 100 చదరపు మీటర్లకు ఆ ఎరువు రెండున్నర కిలోలు. ఆయన లాన్‌కి 7 కిలోలు. దాన్ని కూడా తగ్గించి 5 వేశాం. ఎందుకంటే కోసిన గడ్డిని సంచిలో పట్టకుండా లాన్ మీదే వదులుతున్నాం. సన్నగా తెగిన తురుము తొందరగా కుళ్లి, లాన్‌కి కావాల్సిన నత్రజనిలో నాలుగో వంతు దాకా తిరిగిస్తుంది. సంచి ఖాళీ చేసే సమయమూ మిగులుతుంది.

16వ వారం, శుక్రవారం రాత్రి

పట్టీ పచ్చబడుతోంది. ఇంకా పూర్తిగా కలవలేదు గానీ ఎక్కడ మొదలవుతుందో వెతుక్కోవాలి.

రెండో బ్లేడు కొన్నాను. ఒకటి మెషిన్‌లో, ఒకటి పదును పెట్టి మేకుకి. ఆఫీసులో వచ్చే నెల మళ్లీ గడువు ఉంది, ఆ వారం ఇద్దరి కోత ముందుకు జరుపుతామని ఇప్పుడే చెప్పి ఒప్పించాను. కొత్తగా అడిగిన ఒకరికి ఆ వీధి కాదు కాబట్టి కుదరదని చెప్పాను, పూర్తికాలం చేసే ఆయన నంబరు ఇచ్చాను.

రేపటి వరుస: ముందు మూడు ఇళ్లు ఒకే వీధిలో, తర్వాత తుంగ ఉన్న మూల. పోయినసారి ఉత్తర దక్షిణాలుగా కోశాం, రేపు తూర్పు పడమరలుగా. తమ్ముడు ఆరుంబావుకు వస్తానన్నాడు. మంచు ఆరేదాకా అంచులు, ఆపైన కోత.